తప్పు ఫిట్టర్‌ది కాదు

మెయింటెనెన్స్ సాఫ్ట్‌వేర్ కొని ఏడాది తిరిగేసరికి అది మూలన పడిందంటే, ఏ ఫ్యాక్టరీలోనైనా వినబడే కారణం ఒకటే: "మావాళ్లు కంప్యూటర్ ముట్టుకోరండీ. పాత అలవాట్లు మానరు." అమ్మిన కంపెనీ మనిషి అవునంటూ తలూపుతాడు. కన్సల్టెంటు తన రిపోర్టులో ఆ మాటనే కాస్త గంభీరంగా రాస్తాడు. ఇందరు ఇంత తేలిగ్గా ఒప్పుకుంటున్న ఈ మాట నిజం కాదు. ఆ ఫిట్టరే ఫోన్లో కరెంటు బిల్లు కడతాడు, కూతురి ఈఏపీసెట్ ర్యాంకు చూస్తాడు, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడితో వీడియోలో మాట్లాడతాడు. తెరను చూసి జంకే మనిషి కాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను అతను వదిలేశాడంటే, దానివల్ల తన చేతికి ఒక్క బోల్టు కూడా త్వరగా అందలేదు గనకే.

"ముందు డేటా మొత్తం ఎక్కించండి, ఆ తర్వాతే వాడకం" అన్నది ఈ రంగంలో వేదవాక్కుగా చలామణి అవుతోంది. ప్లాంటులోని ప్రతి మోటారు, పంపు, గేర్‌బాక్సు, వాల్వు, చివరికి ఆఫీసు ఏసీ దాకా జాబితాలో ఉండాలంటారు. ఇద్దరు డిప్లొమా ట్రైనీల చేతికి ఎక్సెల్ షీటిచ్చి షాప్‌ఫ్లోర్ మీదికి పంపుతారు. సగం నేమ్‌ప్లేట్ల మీద పెయింటు కొట్టేసి ఉంటుంది. రివైండింగ్‌కి పోయిన మోటారు స్థానంలో స్టాండ్‌బై మోటారు ఎక్కుతుంది, జాబితాలో మాత్రం పాత సీరియల్ నంబరే ఉండిపోతుంది. చివరి పేజీ పూర్తయ్యేలోపు మొదటి పేజీ తప్పుల తడక అవుతుంది. అన్ని నెలలూ ఫిట్టరుకు కనబడిందల్లా తన మెషిన్ చుట్టూ తిరిగి ఏదో రాసుకుపోయిన కుర్రాళ్లే.

ఆ తర్వాత షెడ్యూళ్ల వంతు. మాన్యువల్‌లో ఉన్న ప్రతి తనిఖీనీ, ప్రతి ఓవర్‌హాలింగ్‌నూ తేదీలతో సహా క్యాలెండర్లోకి దించేస్తారు. యంత్రాన్ని ఎంత తరచుగా విప్పి చూస్తే అంత మంచిదన్న నమ్మకం దీని వెనక ఉంది. ఆ నమ్మకానికి దెబ్బ తగిలి ఐదు దశాబ్దాలు కావస్తోంది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన స్టాన్లీ నౌలన్, హోవర్డ్ హీప్ 1978లో అమెరికా రక్షణ శాఖకు ఒక నివేదిక ఇచ్చారు. తాము పరిశీలించిన విమాన భాగాల్లో 89 శాతానికి, ఇంతకాలం వాడాక మార్చి తీరాలన్న గడువు పెట్టడంవల్ల లాభం లేదని తేల్చారు. 68 శాతం భాగాలు చెడిపోయే అవకాశం కొత్తగా బిగించిన తొలి రోజుల్లోనే ఎక్కువట. విమానాల లెక్కను తెచ్చి చక్కెర మిల్లుకు అంటగట్టలేం. క్రషర్ రోలర్ అరుగుతుంది, కన్వేయర్ బెల్టు అరుగుతుంది, వాటికి కాలం లెక్క ఉంది. కానీ ఏది అరిగి పోతుందో, ఏది ఉన్నట్టుండి పోతుందో విడదీసి చూడకుండా అన్నిటినీ ఒకే క్యాలెండర్లో పోస్తే, సోమవారం పొద్దున ఆరుగురున్న సెక్షన్‌కు పదిహేను మంది చేసే పని ప్రింటయి వస్తుంది. చేయగలిగింది చేసి, మిగతావాటికి టిక్కు పెడతారు. ఆ టిక్కులు పెట్టించినది ఆ క్యాలెండరే.

ఇక రాత్రి షిఫ్టు సంగతి. రెండింటప్పుడు కూలింగ్ వాటర్ పంపు గ్లాండ్ దగ్గర నీళ్లు చిమ్ముతున్నాయని ఆపరేటర్ ఫోన్ చేస్తాడు. ఫిట్టర్, హెల్పర్ వెళ్తారు. స్టాండ్‌బై పంపు నడిపించి, పర్మిట్ తీసుకుని, పాత ప్యాకింగ్ లాగి చూస్తే షాఫ్ట్ స్లీవ్ మీద గాడి పడి ఉంటుంది. స్లీవ్ మార్చాలి, స్టోర్స్‌లో లేదు. కొత్త ప్యాకింగ్ చుట్టి, గ్లాండ్ బిగించి, చుక్క చుక్కగా కారేటట్టు సరిచూసి వస్తారు. అది ఎన్నాళ్లో ఆగదని ఇద్దరికీ తెలుసు. లాగ్‌బుక్‌లో అయితే ఫిట్టర్ "స్లీవ్ పోయింది, ప్యాకింగ్‌తో నెట్టుకొచ్చాం, స్లీవ్ తెప్పించాలి" అని రాస్తాడు. పొద్దున షిఫ్టువాడు చదువుతాడు. సాఫ్ట్‌వేర్ అయితే రెండు మూడు తెరల పొడవున ఫెయిల్యూర్ కోడ్లు చూపిస్తుంది. గాడి పడ్డ స్లీవ్ వాటిలో ఉండదు. చేతుల గ్రీజు తుడుచుకుని అతను "ఇతరములు" నొక్కి, కింద "అటెండెడ్, ఓకే" అని కొట్టి లేస్తాడు. పంపు గురించి ఆ రాత్రి ఇద్దరు మనుషులు తెలుసుకున్న అసలు సంగతి అక్కడితో పోయింది. పొద్దున మేనేజర్ తెర మీద మాత్రం ఒక వర్క్ ఆర్డర్ పూర్తయినట్టు పచ్చగా కనిపిస్తుంది.

ఆ పచ్చ రంగును నమ్మడం ప్రమాదం. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది చనిపోయాక, రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ అనేక లోపాలు ఎత్తిచూపింది. ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారన్నది వాటిలో ఒకటి. పైభాగం ఎంత వేడెక్కిందో తెలిసే ఏర్పాటు లేదు. రికార్డు ఉంది, అంకె ఉంది, కొలిచిన చోటే సరైంది కాదు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఆ అంకెను అందంగా గీసి చూపించగలదు గాని, ప్రోబ్ ఎక్కడుండాలో చెప్పలేదు. ట్యాంకు దగ్గర తిరిగే మనిషిని అడిగి రాయించుకోవాల్సింది అది.

సమాచారం ఒకచోట చేరితే మెయింటెనెన్స్ దానంతటదే దారిలో పడుతుందన్నది మరో నమ్మకం. ప్రకాశం జిల్లా మల్లవరం దగ్గర గుండ్లకమ్మ రిజర్వాయర్‌లో 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది. నీళ్లు వృథాగా పోవడం రాష్ట్రమంతా చూసింది. 2023 డిసెంబరులో ఇంకో గేటు పోయింది. మధ్యలో ఏడాదికి పైగా గడువుంది. ఒక గేటు పోయాక పక్క గేట్ల మీద అనుమానం రావడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. తెలిసిన లోపానికి సమయానికి డబ్బు, సామాను, మనుషులు కదలాలి. ఫ్యాక్టరీలోనూ ఇంతే. ఫిట్టర్ రాసిన స్లీవ్‌కు ఇండెంట్ మీద సంతకం పడనప్పుడు, రాసింది లాగ్‌బుక్‌లోనా సర్వర్‌లోనా అన్నదాంతో పంపుకు నిమిత్తం లేదు.

అందుకే మొదలుపెట్టాల్సింది స్టోర్స్ దగ్గర. 6205 బేరింగునే తీసుకోండి, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52. ఎక్కడపడితే అక్కడ వాడేదే. స్టాక్ రికార్డులో ఒకచోట "బాల్ బేరింగ్ 6205" అని, ఇంకోచోట "6205 జడ్‌జడ్" అని, మరోచోట "బేరింగ్ 25 ఎంఎం, ఎగ్జాస్ట్ ఫ్యాన్" అని వేరువేరు కోడ్లతో ఉంటుంది. ఒక కోడ్ కింద స్టాకు సున్నా చూపిస్తే అర్జెంటు కొనుగోలుకు మనిషిని పట్నం పంపుతారు. అదే బేరింగు ఇంకో పేరుతో అల్మరాలో ఉండగానే. దుమ్ము పడకుండా షీల్డున్నదేదో, రబ్బరు సీలున్నదేదో, ఏ మెషిన్‌కు ఏది సరిపోతుందో స్టోర్ కీపర్నీ ఫిట్టర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తేల్చాలి. వేల వస్తువులకు ఈ పని ఒకేసారి ఎవరూ చేయలేరు, చేయనక్కర్లేదు కూడా. ప్లాంటును ఆపేయగల మెషిన్లున్న ఒక్క సెక్షన్‌ను ఎంచుకుని, వాటికి పడే స్పేర్లకు చేస్తే చాలు.

జాబితా అరకొరగా ఉంటే ఆడిట్‌లో దొరికిపోతామని అభ్యంతరం చెబుతారు. చట్టం గట్టిగా అడిగేవి కొన్నే. 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ లిఫ్టులను ఆరు నెలలకోసారి, క్రేన్లను, చైన్ బ్లాకులను ఏడాదికోసారి సమర్థుడైన వ్యక్తితో పరీక్ష చేయించాల్సిందే. ప్రెషర్ వెసల్స్‌కూ నిర్ణీత కాలానికోసారి పరీక్ష తప్పదు. వీటి తేదీలు మొదటి రోజే ఎక్కించండి, ఎవరూ వద్దనరు. ఆ పేరు చెప్పి టాయిలెట్ ఎగ్జాస్ట్ ఫ్యాను దాకా జాబితా అయ్యేవరకు పంపు పనిని ఆపి ఉంచడమే అన్యాయం.

ఎంచుకున్న సెక్షన్‌లో ఫిట్టర్ నింపాల్సినవి మూడే ఉండాలి: ఏ మెషిన్, ఏం చూశావు, ఏం కావాలి. మొదటిది స్కాన్ చేస్తే వచ్చేయాలి, మిగతా రెండూ తెలుగులో మాట్లాడి చెప్పే వీలుండాలి. ఫెయిల్యూర్ కోడ్ కావాలనుకునే ప్లానర్ దాన్ని తనే ఎంచుకోవాలి, పొద్దున ఫిట్టర్‌తో మాట్లాడి. అడిగిన స్పేరుకు ఏమైందో, ఇండెంట్ ఎవరి బల్ల మీద ఆగిందో ఫిట్టర్ ఫోన్‌కే తెలియాలి. యాజమాన్యానికి కష్టమనిపించేది ఇదే. తెర ఇంతకాలం పైవాళ్లకు కిందివాళ్ల పని చూపించింది, ఇప్పుడు కిందివాళ్లకు పైవాళ్ల సంతకం ఎక్కడాగిందో చూపించాలి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి: ఒక ఫిట్టర్ ఎన్ని నిమిషాలు పట్టించాడన్న లెక్క తీసి మెమో ఇచ్చిన రోజున ఆ సాఫ్ట్‌వేర్‌లోకి నిజం రావడం ఆగిపోతుంది. పట్టిన టైమంతా ముందే అనుకున్న అంకెకు సరిపోతూ వస్తుంది. పనికొచ్చే డేటా ఆ తర్వాత ఇక దొరకదు.

పక్క సెక్షన్‌కు ఎప్పుడు విస్తరించాలంటే, ఆ సెక్షన్ ఫోర్‌మన్ "మాకెప్పుడు ఇస్తారు" అని అడిగినప్పుడు. లాగ్‌బుక్‌ను అంతవరకు తీసేయొద్దు. రెండుచోట్ల రాయడం భారమే, కాబట్టి ఆ భారం ఫిట్టర్ మీద పడకూడదు. లాగ్‌బుక్ పేజీని షిఫ్టు చివర ఫోటో తీసి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే బాధ్యత ప్లానింగ్ సెక్షన్‌ది. దానికి ఒక మనిషి కావాలంటే లైసెన్సుల బడ్జెట్‌లో కోసి ఆ మనిషిని పెట్టండి.