తగ్గింది కరెంటు కాదు!

మొన్న వేసవిలో నాదర్‌గుల్‌లో మా ఇంటి బోరు మోటారు కాలిపోయింది. కాల్చినవాణ్ణి నేనే. ఎలాగంటారా? ఒక మాటను తప్పుగా వాడి! కాలేజీలో పిల్లలకు తెలుగు మాటల అర్థాలు చెప్పి బతికేవాణ్ణి ఈ సంగతి ఒప్పుకోడానికి సిగ్గుపడాలి. కాని నేను ఒప్పుకుంటే మీ మోటారైనా దక్కుతుంది గదా అని రాస్తున్నాను.

ఆ సాయంత్రం ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. స్టార్టరు పెట్టె దగ్గరినుంచి మా ఆవిడ కేకేసింది.

"ఏమండీ, నీళ్లు సన్నగా పడుతున్నాయి. మోటారు ఆపెయ్యనా?"

"కరెంటు తక్కువున్నట్టుంది. తక్కువైతే మోటారుకేం ప్రమాదం? ట్యాంకు మెల్లగా నిండుతుందిలే, ఉండనీ" అన్నాను పేపరు దించకుండా.

అరగంటకు ఆ సన్నధార కూడా ఆగిపోయింది. మర్నాడు మోటారును పైకి తీయించి విప్పిస్తే లోపలి రాగి తీగ నల్లగా మాడి ఉంది. నాలుగు రోజులు ట్యాంకరు నీళ్లే గతి. మా ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనవలసినవన్నీ బిందెల చప్పుడే అంది.

1981 నుంచి ఇంజనీరింగు కాలేజీ ఉన్న ఊరు మాది. అడిగితే చెప్పేవాళ్లకు కొదవ లేదు. అడగాలని తోచింది మాత్రం మోటారు కాలాకనే. ఎలక్ట్రికల్ చదువుతున్న మా మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఆ పెట్టె మీద రెండు ముళ్లుంటాయి గదా, ఆ వేళ ఏది ఎక్కడుంది?" అన్నాడు.

నేను నీళ్లు నమిలాను. "ఒకటి 170కి పడిపోయింది, రెండోది రోజూకన్నా పైకెక్కింది" అంది మా ఆవిడ.

"అత్తయ్య సరిగ్గా చూసింది. తగ్గింది వోల్టేజి, మామయ్యా. కరెంటు పెరిగింది!"

చిక్కంతా ఇక్కడే ఉంది. కరెంటు పోయింది, కరెంటు వచ్చింది, కరెంటు తక్కువుంది... మనకు అన్నిటికీ ఒకటే మాట. నిజానికి వోల్టేజి అంటే వెనకనుంచి తోసే బలం. కరెంటు అంటే తీగలో పారే ప్రవాహం. తోపు తగ్గితే పారుదలా తగ్గాలి గదా అని నా లెక్క. జర్మనీలో ఓమ్ అనే బడిపంతులు 1827లో అచ్చువేసిన సూత్రమూ అదే. నీళ్లు కాచే గీజరు ఆ సూత్రానికి కట్టుబడుతుంది. 230 వోల్టుల దగ్గర 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు తీసుకుంటుంది. 170 వోల్టులకు పడితే 6.4 మాత్రమే. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, అంతే.

మోటారు సంగతి వేరు. పైకి ఎత్తవలసిన నీళ్ల బరువు వోల్టేజి పడిపోయిందని తగ్గదు. పాపం, అది వోల్టేజిలో పడ్డ లోటును కరెంటులో పూడ్చుకోజూస్తుంది. 170 వోల్టుల దగ్గర సుమారు మూడోవంతు కరెంటు ఎక్కువ లాగుతుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్నిబట్టి పెరుగుతుంది గనుక అది దాదాపు 80 శాతం ఎక్కువవుతుంది. రాగి తీగ మాడదూ మరి!

ఫ్యానుది ఇంకో తీరు. అందులో రెండు తీగచుట్టలుంటాయి. రెండింటికీ కరెంటు ఒకేసారి అందితే ఎటు తిరగాలో తెలియక ఫ్యాను మూలుగుతూ నిలబడుతుంది. తీగచుట్టలో కరెంటు వోల్టేజికన్నా వెనకబడుతుంది. కెపాసిటరులో ముందు నడుస్తుంది. మన 50 సైకిళ్ల సరఫరాలో ఆ ముందడుగు సెకనులో 200వ వంతు. అందుకే ఒక చుట్టకు కెపాసిటరును జతచేస్తారు. అది నీరసిస్తే వోల్టేజి నిండుగా ఉన్నా ఫ్యాను ఈడిగిలపడుతుంది. చాలా ఇళ్లలో కొత్త ఫ్యాను కొనేముందు మార్చి చూడవలసింది ఈ చిన్న డబ్బీనే. అయితే స్విచ్చి ఆపినా అందులో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పని తెలిసినవాడే దాన్ని ముట్టుకోవాలి సుమండీ!

ఇప్పుడు మా స్టార్టరు పెట్టెలో కరెంటు హద్దు మీరితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు పెట్టించాం. అయినా మా ఆవిడ దాన్ని నమ్ముకోదు. రెండు ముళ్లూ చూశాకే మోటారు వేస్తుంది. నిన్న సాయంత్రం లోపలికి వచ్చి, "వోల్టేజి తక్కువుంది, ఆపేశాను" అంది.

వోల్టేజి అంది, గమనించారా? ఈమాటు నేను పేపరు దించి మరీ విన్నాను.