పల్చటి రేకు మాకు, మందపు ఇనుము మీకా?

చిన్న మిషనుకు చిన్న పనేనట! ఇంటి ప్లగ్గుతో నడిచే వైరు మిషను పెట్టుకున్నోడు కిటికీ గ్రిల్లు, గేటు, రేకుల షెడ్డు చేసుకుని బతకాలట. ట్రాలీ ఛాసిస్, గొర్రు చట్రం లాంటి మందపు ఇనుము పనులు రోడ్డు మీది పెద్ద షాపులకు వదిలేయాలట. సబ్సిడీ లోను కింద మిషను ఇప్పించినోళ్ళు ఇదే చెప్తారు. మిషను అమ్మిన షావుకారు ఇదే చెప్తాడు. అతుకు వేయించుకోను వచ్చిన ఆసామీ ఇదే చెప్తాడు. చెప్పి ఊరుకోడు. పెద్ద షాపులో బేరం తెగకపోతే సాయంత్రానికి వాడకొచ్చి, సగం డబ్బుకు అదే మందపు ఇనుమును మన పిల్లోళ్ళతోనే అతికించుకుని పోతాడు. రేపు అది ఊడిపోతే తప్పు మాత్రం మాదిగోడిది, మాలోడిది!

కాబట్టి మేము రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. చిన్న మిషనే మన చేతికి ఎందుకొచ్చింది? చిన్న మిషనుతో మందపు ఇనుము అతకడం నిజంగా అయ్యే పని కాదా? మొదటిదానికి జవాబు కులంలో ఉంది. రెండోదానికి జవాబు ఇనుములో ఉంది. రెండూ తెలుసుకోకపోతే నష్టపోయేది మనమే.

చేనుకు త్రీ ఫేజు, వాడకు సింగిల్ ఫేజు

అనంతపురం కరువు సీమ. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే ఎక్కువ. అందుకే బోర్లు. బోర్ల మోటార్ల కోసం త్రీ ఫేజు లైను చేల మీదుగా పోయింది. 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. రైతుకు ఇవ్వొద్దని మేము అనడం లేదు. ఎండిన శెనక్కాయ చేను బాధ కూలికి పోయే మనకంటే ఎవరికి ఎక్కువ తెలుసు? మేము అడిగేది వేరే. బోరున్న చేను ఎక్కువగా ఎవరిది? రోడ్డు పక్క షాపు స్థలం ఎవరిది? త్రీ ఫేజు తీగ భూమి వెంట పోయింది. భూమి కులం వెంట పోయింది. మాలవాడకు, మాదిగవాడకు వచ్చింది సింగిల్ ఫేజు. అదీ చాలా ఊళ్ళలో లైను కొసన. పొద్దుగూకి అందరూ ఫ్యాన్లు, లైట్లు వేస్తే 230 వోల్టులు 180కి దిగినా అడిగే దిక్కు లేదు.

ఆ లైను మీద మనోడు మిషను పెడతాడు. డబ్బా మీద ‘200 ఆంపియర్లు’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఈ అంకె ఎంత నిజమో మనమే లెక్క కట్టుకుందాం. ఇంట్లో పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది. 230ని 16తో గుణిస్తే 3,680 వాట్లు. వైరు మిషను 200 ఆంపియర్లు ఇవ్వాలంటే నిప్పు దగ్గర 24 వోల్టులన్నా కావాలి, అంటే 4,800 వాట్లు. రానిది ఎక్కడినుంచి వస్తుంది? మిషను లోపల పోయేది పోగా మనకు మిగిలేది సుమారు 130, 140 ఆంపియర్లు. వోల్టేజీ 180కి దిగితే అదీ లేదు. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు పదిహేను గజాలు లాగితే ఇంకొంత పోయె. ఈ లెక్క షావుకారు చెప్పడు. లోను ఇప్పించినోళ్ళూ చెప్పరు.

పైగా భయం ఒకటి. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే 2003 విద్యుత్ చట్టం సెక్షను 126 కింద కేసు రాయొచ్చు. ఎప్పటినుంచి వాడుతున్నాడో తేలకపోతే పన్నెండు నెలలకు లెక్క కట్టి, రెట్టింపు రేటు వేస్తారు. మిషను ఇచ్చేది సర్కారు, ఆ మిషను తగిలించే ప్లగ్గు నేరమనేదీ సర్కారే. ఇదేం న్యాయం?

తోలు పోయింది, ఇనుము రాలేదు

కరెంటు మోటార్లు రాకముందు సీమ బావుల మీద కపిలలు తిరిగేవి. నీళ్ళు తోడే తోలు బాన, దాని తొండం కుట్టింది మాదిగ చేతులు. ఊరి సేద్యమంతా ఆ కుట్టు మీద నడిచింది. దానికి దక్కింది కల్లం దగ్గర మేర గింజలు, దాంతోపాటు వెట్టి. ఇంజన్లు, మోటార్లు వచ్చినాక కపిల పోయింది, తోలు పని పోయింది. మోటారు రిపేరు, ఇంజను రిపేరు, లేతు మిషను మాత్రం మన వాడకు రాలేదు. పాత పనిముట్టు పోయినప్పుడు ఆ పనిముట్టు చేసినోడికి కొత్త పనిముట్టు మీద హక్కు ఉండాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పటికైనా తోచిందా? 2023 సెప్టెంబరులో కేంద్రం ‘పీఎం విశ్వకర్మ’ అని పథకం తెచ్చింది. 15 వేల రూపాయల పనిముట్ల సాయం, ముందు లక్ష, ఆ తర్వాత 2 లక్షలు, 5 శాతం వడ్డీకి అప్పు. మంచిదే. అయితే అందులో ఉన్న 18 వృత్తులు చూడండి. కమ్మరి ఉన్నాడు, కంసాలి ఉన్నాడు, మంగలి, చాకలి ఉన్నారు, చెప్పులు కుట్టేవాడూ ఉన్నాడు. వెల్డరు లేడు! గురుశిష్య పరంపరగా, కుటుంబ వృత్తిగా వచ్చే పనులను బలపరచడమే దాని ఉద్దేశమట. అంటే మాదిగోడు చెప్పు కుడతానంటే పనిముట్లిస్తారు. ఇనుము అతుకుతానంటే ‘నీ పరంపర కాదు’ అని పక్కన పెడతారు. మా తాత చేసిన పనే మా మనవడు చేయాలనేది పథకమా, మనుధర్మమా?

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టాడు. 1942లో వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా చేరిన ఆయన, ఆ ఏడాది అక్టోబరులోనే వైస్రాయ్‌కు ఒక మెమొరాండం ఇచ్చాడు. అందులో ఉద్యోగాలు, స్కాలర్‌షిప్పులు మాత్రమే అడగలేదు. ప్రభుత్వ ప్రెస్సుల్లో, రైల్వే వర్క్‌షాపుల్లో అంటరాని కులాల పిల్లలకు అప్రెంటిస్ శిక్షణ అడిగాడు. యంత్రం దగ్గరికి మనల్ని రానివ్వకపోవడం కూడా అంటరానితనమేనని ఎరిగినోడు గనకే అడిగాడు. గుత్తి లోకో షెడ్డు మన కళ్ళ ముందరే ఉంది. దాని చుట్టుపక్కల వాడల నుంచి ఎంతమంది పిల్లోళ్ళు మందపు ప్లేటు అతకడం నేర్చుకుని బయటికొచ్చారో ఎవరైనా లెక్క తీస్తారా?

పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడ కారు బాడీ రేకులు కలిపేది రోబోలు. పల్చటి రేకు అతకడానికి కోట్ల రూపాయల యంత్రాలు, తగ్గని కరెంటు. మందపు ఇనుము అతకాల్సిన మన పిల్లోడికేమో బడిసంచి అంత మిషను, మినుకు మినుకుమనే ప్లగ్గు. పైగా ‘నీకు చేతకాదు’ అని వెక్కిరింపు!

ఇనుము ఏమంటుంది?

చేతకాదనేది ఒక అబద్ధం. ‘ఏముంది, పాయింటు పూర్తిగా పెంచి లాగేయ్’ అనేది రెండో అబద్ధం. మొదటిది మన కూడు తీస్తుంది. రెండోది మన ప్రాణం తీస్తుంది.

ఒక్క వరసలో అతకాలంటే మిల్లీమీటరు మందానికి సుమారు 40 ఆంపియర్లు కావాలి. 130 ఆంపియర్లతో ఒక్క వరసకు లొంగేది 3 మిల్లీమీటర్లు, ఇంకాస్త. 10 మిల్లీమీటర్ల ప్లేటు మీద అదే వరస లాగితే పైన గీత నున్నగా మెరుస్తుంది, లోపల పట్టి ఉండదు. మందపు ప్లేటు వేడినంతా తాగేస్తుంది. కరిగిన వైరు, కరగని ఇనుము మీద మైనం పోసినట్టు కూర్చుంటుంది. చూపుకు అతుకే, బలానికి కాదు.

మరి దారి లేదా? ఉంది. అంచులు రెండూ గ్రైండరుతో ఏటవాలుగా కోయాలి. ఒక్కో అంచు 30 డిగ్రీలు, రెండూ కలిసి 60. అడుగున రెండు మిల్లీమీటర్లు మొద్దుగా ఉంచి, నడుమ రెండు మిల్లీమీటర్ల సందు వదలాలి. రంగు, తుప్పు, ప్లేటు మీది నల్లటి పొర తెల్లగా తేలేదాకా గీకాలి. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరేంత వేడి ముందే చేసుకోవాలి. చిన్న మిషనుకు లేని బలాన్ని ఈ వేడి కొంత అప్పిస్తుంది. అడుగు వరస బాగా దిగాక, దాని మీద రెండు, మూడు, నాలుగు వరసలు. ప్రతి వరసకూ స్లాగు కొట్టి, బ్రష్షు వేసి, తర్వాతే ఇంకోటి. నిలువు అతుకైతే కింది నుంచి పైకి ఎక్కాలి, పై నుంచి కిందికి జారిస్తే మందపు ఇనుములో పట్టదు. పెద్ద మిషను ఒకటి రెండు వరసల్లో చేసేది చిన్న మిషను నాలుగైదు వరసల్లో చేస్తుంది. టైము ఎక్కువ, కూలి కూడా అంతే ఎక్కువ అడగాలి. సగం డబ్బుకు చేయడం ఇక మానాలి.

మన గాలినీ లెక్కలోకి తీసుకోవాలి. రామగిరి గుట్టల మీద గాలిమరలు తిప్పే గాలి ఇది. ఆరుబయట గ్యాసుతో అతికితే ఆ గ్యాసును గాలి ఎత్తుకుపోతుంది, అతుకంతా బెజ్జాలు. గ్యాసు అక్కర్లేని, లోపల మందు ఉన్న వైరు వాడాలి. దానికి గన్ను నెగెటివ్‌కు, ఎర్త్ క్లాంపు పాజిటివ్‌కు మార్చాలి. మార్చకుండా అతికి ‘వైరు మంచిది కాదు’ అని పారేసినోళ్ళు ఉన్నారు. తప్పు వాళ్ళది కాదు, చెప్పనోళ్ళది.

ఇంకోటి. మిషను మీద 20 శాతం అని ఉంటే పది నిమిషాల్లో రెండు నిమిషాలే అతకాలి, ఎనిమిది నిమిషాలు చల్లారనివ్వాలి. అదీ 40 డిగ్రీల వేడి వరకే. మన ఎండాకాలం 40 దాటదా? ‘కూర్చున్నావేంరా’ అని ఆసామి గద్దిస్తే, మిషను కాలిపోతే కొత్తది నువ్వు కొనిస్తావా అని అడగండి.

కాదనే హక్కు

శెనక్కాయ కోతలకు, కలుపులకు ట్రాలీ ఎక్కి పోయేది ఎవరు? మన అక్కలు, మన తల్లులు. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదని చట్టం ఉంది, అయినా రోజూ ఎక్కిస్తారు. ఆ ట్రాలీని ట్రాక్టరుకు తగిలించే హుక్కు మీద పైపైన అతికిన అతుకుంటే, ఎగుడు దిగుడు రోడ్డు మీద అది తెగిననాడు దొర్లేది ఆసామి ట్రాలీ, పోయేది మన ప్రాణాలు.

అందుకే చెప్తున్నాం. గొర్రు చట్రం, గేటు స్తంభం, బండి ఛాసిస్ బ్రాకెట్ చిన్న మిషనుతో, పద్ధతి ప్రకారం, వరసలు వేసి గట్టిగా చేయొచ్చు. చేసే ముందు అదే మందం తుక్కు ముక్కలు రెండు అతికి, వైసులో బిగించి, సుత్తితో విరిచి చూసుకోండి. విరిగిన చోట ప్లేటు అంచు నున్నగా అట్లే కనిపిస్తే అతుకు పట్టలేదన్నమాట. ట్రాలీ హుక్కు, ఇరుసు, కమాను పట్టీ మాత్రం ఇంటి ప్లగ్గు మిషనుతో ముట్టొద్దు. కమాను పట్టీ ఉక్కే వేరు, అతికితే పక్కనే పగులుతుంది. ‘నేను చేయను’ అనడం చేతకానితనం కాదు. వెట్టి చేసిన తాతలకు లేని హక్కు అది. పని తెలిసినోడే కాదనగలడు.

మా డిమాండ్లు

ఒకటి: మిషను ఇచ్చి ఫోటో దిగి పోవడం కాదు. మందపు ప్లేటు అతికి, విరిచి చూసే పరీక్షతో సహా శిక్షణ ఇవ్వాలి. రోజు కూలి పోకుండా భత్యం ఇవ్వాలి.

రెండు: ప్రతి మండలంలో ఎస్సీ వెల్డర్లకు ఉమ్మడి షెడ్డు కట్టాలి. త్రీ ఫేజు మీటరు, పెద్ద రాడ్డు మిషను, రాడ్లు ఆరబెట్టే ఓవెను పెట్టాలి. డబ్బు లేదనొద్దు. 2013 ఉప ప్రణాళిక చట్టం ఉంది, 2023లో దాన్ని పొడిగించారు కూడా. మన జనాభా వాటా మనకు రావాలి.

మూడు: సబ్సిడీ మిషనుతో పాటే దానికి తగిన మీటరు, లోడు మంజూరు చేయాలి. చేయనంతవరకు సెక్షను 126 పేరుతో వాడల మీద పడొద్దు.

నాలుగు: వెల్డింగును వృత్తుల జాబితాలో చేర్చాలి. పరంపర అడగడం ఆపాలి.

ఐదు: ముసుగు, తోలు గ్లౌజులు, ప్రమాద బీమా మిషనుతో పాటే ఇవ్వాలి. రాత్రంతా కళ్ళమీద ఆలుగడ్డ ముక్కలు పెట్టుకుని ఏడ్చే చదువు మాకొద్దు.

తమ్ముళ్ళూ! ఆసామి ఇచ్చిన పేరుతో పని చేయకండి, ఇనుము ఇచ్చే పేరుతో చేయండి. ఇనుముకు కులం తెలియదు, అంచు కోశావా, వేడి చేశావా, స్లాగు కొట్టావా అనే అడుగుతుంది. వాడ వాడనా కూర్చోండి, తెలిసినోడు తెలియనోడికి చెప్పండి, మీటరు కోసం కలిసి సబ్‌స్టేషను ముందు నిలబడండి.

త్రీ ఫేజు తీగ మా వాడకు రావాలి! మందపు ఇనుము మా చేతికి రావాలి!

జై భీమ్!