పోయేది సులువే.. వచ్చేటప్పుడే లెక్క!

వీకెండ్ వస్తే చాలు, ఫోన్ నిండా నీళ్ల సైకిళ్ల రీల్సే. తేలడానికి రెండు పొడవాటి గొట్టాలు, వాటి మధ్య సీటు, హ్యాండిల్, పెడళ్లు. తొక్కితే కింద ప్రొపెల్లర్ తిరుగుతుంది. పెట్రోలు అక్కర్లేదు, చప్పుడు లేదు. వెనకాల సాయంత్రం ఎండ పడిందంటే వీడియో రెడీ!

మాది దేవరగట్టు సైడు. కరువు సీమ కాబట్టి నీళ్లు కనిపిస్తే మాకు పండగే. ఈత వచ్చినోళ్లు మాత్రం తక్కువ. దసరా రాత్రి మాళ మల్లేశ్వరుడి బన్ని ఉత్సవంలో ప్రమాదం కంటికి కనిపిస్తుంది. కర్రలు, దివిటీలు, వందల మంది పోలీసులు, పక్కనే మెడికల్ క్యాంపు. నీళ్ల సైకిల్ దగ్గర అలాంటివేం ఉండవు. నీళ్లు అద్దంలా ఉంటాయి. మనల్ని ఏమార్చేది అదే.

ఈ బండి తొందరగా బోల్తా పడదు. రెండు గొట్టాలూ ఎడంగా ఉంటాయి కాబట్టి నిలకడ ఎక్కువ. సెల్ఫీ కోసం లేచి నిలబడితేనో, ఒక పక్కకి వంగితేనో కథ మారుతుంది. అసలు భయం వేరే ఉంది. అది తిరుగు ప్రయాణం.

చిన్న లెక్క చూడండి. నిలకడ నీళ్లలో మీరు గంటకి 6 కిలోమీటర్లు తొక్కగలరు అనుకుందాం. నది వేగం గంటకి 4 కిలోమీటర్లు. వాలు వెంబడి పోతే 10 కిలోమీటర్ల స్పీడు. అరగంటలో 5 కిలోమీటర్లు పోతారు, భలే హుషారు! వెనక్కి తిరిగితే మిగిలేది గంటకి 2 కిలోమీటర్లే. అంటే అరగంటలో పోయిన దూరం రావడానికి రెండున్నర గంటలు. అదీ కాళ్లు పీకకుండా ఉంటేనే.

గట్టిగా తొక్కితే సరిపోదా? సరిపోదు. నీళ్లలో స్పీడు రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి. మామూలు మనిషి గంటసేపు ఆపకుండా తొక్కితే వచ్చేది వంద వాట్ల దరిదాపుల్లోనే, అంటే పాతకాలం గుండు బల్బంత! చెరువులో వాలు లేకపోయినా గాలి ఇదే పని చేస్తుంది. పైగా రోడ్డు మీద చైన్ ఊడితే సైకిల్ తోసుకుంటూ రావచ్చు. నీళ్ల మీద ఎటు తోస్తే అటు పోవాల్సిందే.

అందుకే మొదటి సూత్రం: పోయేటప్పుడే గాలికి ఎదురుగా తొక్కండి. అలిసిపోయాక వెనక్కి వచ్చేటప్పుడు గాలే మిమ్మల్ని ఒడ్డుకి తోస్తుంది. ఒడ్డు నుంచి కేక వేస్తే వినపడేంత దూరంలోనే తిరగండి.

రెండోది లైఫ్ జాకెట్. ఒంటి మీద వేలాడితే అది జాకెట్ కాదు, ఫొటో డ్రెస్సు. బకిల్స్ అన్నీ పెట్టుకున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. చెవుల దాకా వచ్చిందా? అయితే అది మీ సైజు కాదు. ఈత వచ్చినవాళ్లకీ ఇదే రూలు. చున్నీ, పంచె, పొడుగు లేసులు పెడళ్లకి చుట్టుకుంటాయి, ముందే సర్దుకోండి. ఒకవేళ పడిపోతే ఒడ్డు దగ్గరే కదా అని ఈదకండి. బండిని పట్టుకుని ఉండండి. మీరు తేలడానికీ, ఒడ్డునున్నోళ్లకి కనపడడానికీ అదే ఆధారం. ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి వచ్చేయండి.

మూడోది, చోటు. నిలకడగా ఉన్న చెరువు వేరు, నది వేరు, కాలువ వేరు. ఎల్లెల్సీ కాలువలోకి అసలు దిగొద్దు. ఆ ఏటవాలు గట్లు పట్టుకుని పైకి రావడం ఈతగాళ్లకే కష్టం. తుంగభద్ర సంగతి సరేసరి. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ నంబరు గేటు కొట్టుకుపోయింది. ఒక గొలుసు తెగితే కింద ఉన్న ఊళ్లన్నీ అప్రమత్తం కావాల్సి వచ్చింది. పైన డ్యామ్ ఉన్న నదిలో నీళ్లు ఎప్పుడు పెరుగుతాయో ఒడ్డున నిలబడి చూస్తే తెలియదు.

ఈ తుంగభద్ర మీద పుట్టిలో జనం దాటడం కొత్తేం కాదు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ కూడా ఈ గుండ్రటి బుట్ట పడవల గురించి రాశాడు. కానీ పుట్టిలో నది తెలిసిన మనిషి ఒకడు ఉంటాడు. నీళ్ల సైకిల్ మీద పుట్టి నడిపేవాడూ మీరే, అందులో ఎక్కినవాడూ మీరే.

కాబట్టి టికెట్ కొనేముందు ఒక ప్రశ్న అడగండి: "అన్నా, నేను మధ్యలో ఆగిపోతే తీసుకురావడానికి ఎవరొస్తారు?" వాళ్లు ఒడ్డున సిద్ధంగా ఉన్న పడవనీ, దాని మనిషినీ చూపించాలి. "ఏం కాదులే" అన్నారా? అయితే ఒడ్డు మీదే ఒక ఫొటో దిగి, ఉగ్గాని బజ్జీ తిని ఇంటికి వచ్చేయండి!