తాళం ఎవరు తీయాలి?

“పిచ్చి ఈ వ్యవస్థ పెట్టిన జబ్బు. వ్యవస్థ మారితే అదే పోతుంది. ఈలోగా ఆస్పత్రుల గొడవ ఒట్టి సంస్కరణవాదం” అని మా అధ్యాపకుల గదిలో ఒక మిత్రుడు వాదించాడు. అవగాహన సదస్సులూ ధ్యాన శిబిరాలూ పెడితే చాలునన్నాడు మరొక మిత్రుడు. మొదటివానికి రోగి కనబడడం లేదు. రెండవవానికి వ్యవస్థ కనబడడం లేదు. ఇద్దరితోనూ నాకు పేచీ ఉంది.

మొదటి మిత్రునికి ఇటలీలోని ట్రియెస్తె నగరాన్ని చూపిస్తాను. 1971లో ఫ్రాంకో బసాలియా అక్కడి పిచ్చాసుపత్రికి అధిపతిగా వచ్చేనాటికి లోపల సుమారు 1,200 మంది ఉన్నారు. రోగులచేత చాకిరీ చేయించుకొని, దానికి చికిత్స అని పేరు పెట్టడం నాటి ఆచారం. దీన్ని దోపిడీ అనక మరేమనాలి? అక్కడి రోగులు సహకార సంఘం పెట్టుకొని కూలి హక్కు సాధించుకున్నారు. 1973లో రోగులూ నర్సులూ కళాకారులూ కలిసి పెద్ద నీలి గుర్రం బొమ్మ చేసి, ఆస్పత్రి గేటు దాటించి ఊరేగించారు. 1904 నాటి నిర్బంధ చట్టంపై ప్రజాభిప్రాయ సేకరణ ముంచుకొచ్చేసరికి, 1978 మే 13న పార్లమెంటు 180వ చట్టం చేయక తప్పలేదు. విప్లవం వచ్చేదాకా ఎవరూ చేతులు ముడుచుకొని కూర్చోలేదు.

అయితే చట్టంతోనే పని తీరిందా? ట్రియెస్తెలో ఆస్పత్రికి బదులు పేటలలో రాత్రింబవళ్లు తెరిచి ఉండే కేంద్రాలు వెలిశాయి. అలాంటివి ఏర్పడని ప్రాంతాలలో బరువంతా కుటుంబాల మీద, ముఖ్యంగా ఇంటి ఆడవాళ్ల మీద పడింది. తలుపు తీయడం సగం పని. బయట నీడ, కూలి, వైద్యం ఏర్పరచడం తక్కిన సగం.

రెండవ మిత్రునికి తమిళనాడులోని ఏర్వాడిని గుర్తుచేస్తాను. 2001 ఆగస్టు 6న అక్కడొక ప్రైవేటు ఆశ్రమపు పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసిన రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. వారికి ధ్యానం నేర్పితే గొలుసులు తెగేవా?

మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ గొలుసులను నిషేధించింది. 18వ సెక్షన్ ప్రభుత్వ వైద్యాన్ని హక్కు చేసింది. సమాజంలో నలుగురితోపాటు బతికే హక్కును 19వ సెక్షన్ గుర్తించింది. కాని హక్కు కాగితం మీద ఉంటే రోగికి మందు రాదు. బడ్జెటులో డబ్బు రావాలి. అది అడగనిదే రాదు.

కాబట్టి మిత్రులిద్దరినీ పిలుస్తున్నాను. విద్యార్థి సంఘం, అధ్యాపక సంఘం, నర్సుల సంఘం ఒకచోట చేరుదాం. మన జిల్లాలో మానసిక వైద్యులెందరు, మందులెక్కడ దొరుకుతాయి, ఆస్పత్రి నుంచి వచ్చినవారికి వసతి ఎక్కడ అని లెక్క అడుగుదాం. ఆ సభలో మొదట మాట్లాడవలసింది నేనూ కాదు, డాక్టరూ కాదు. లోపల ఉండి వచ్చినవారు. వారు మాట్లాడుతుంటే కూర్చొని వినగలమా? మన అభ్యుదయానికి అదే పరీక్ష.