సంతాప తీర్మానంలోని ఒక వాక్యం రద్దు

సెప్టెంబరు 10, ప్రపంచ ఆత్మహత్యల నివారణ దినం నాడు సమావేశమైన గ్రంథాలయ పాఠకుల సంఘం సర్వసభ్య సభ చేసిన తీర్మానం

నిరుడు మన సభ్యుడొకరు ఆత్మహత్యతో మరణించినప్పుడు ఈ సంఘం సంతాప తీర్మానం చేసింది. అందులో “కన్నవారి గురించి ఒక్క క్షణమైనా ఆలోచించక” అని రాశాం. ఆ మాటను వారి తల్లిదండ్రుల ఎదుటే చదివాం. అది తప్పు.

తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషి తనవాళ్లను మరిచిపోయాడని ఎలా అంటాం? చాలాసార్లు ఆ మనిషి వాళ్ల గురించే ఆలోచిస్తుంటాడు. తాను వాళ్లకు బరువయ్యానని, తాను లేకపోతే ఇల్లు తెరిపిన పడుతుందని జబ్బు నమ్మిస్తుంది. అది అబద్ధం. ఆ అబద్ధానికి చిక్కిన మనిషిని స్వార్థపరుడనడం అన్యాయం. జబ్బు లేనివారికి సైతం అప్పు, అవమానం, మానని నొప్పి, ఇంట్లో హింస దారులన్నీ మూసేసినట్టు కనిపించవచ్చు.

ఈ సంగతి చట్టం మనకన్నా ముందే గుర్తించింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే, వేరుగా రుజువైతే తప్ప, భావించాలి. శిక్షించరాదు. వైద్యం, పునరావాసం కల్పించే బాధ్యత ప్రభుత్వానిది. మన భాషే వెనకబడింది. లంచానికి, దోపిడీకి వాడే “పాల్పడ్డాడు” అన్న మాటనే ఇక్కడా వాడుతున్నాం.

కాబట్టి నిరుటి తీర్మానంలోని ఆ వాక్యాన్ని రద్దు చేయడమైనది. ఇకపై మన రాతల్లో “ఆత్మహత్యతో మరణించారు” అనే రాయాలని, మరణించిన తీరు వివరించరాదని తీర్మానించడమైనది. “మాకు అన్యాయం చేసి పోయావు నాయనా” అని తల్లి ఏడిస్తే అది ఆమె కడుపుకోత. దాన్ని ఎవరూ తప్పుపట్టరాదు. పరామర్శకు వెళ్లిన మనం మాత్రం ఆ మాట అనరాదు.

ఎవరైనా ముభావంగా మారితే, “చచ్చిపోవాలనిపిస్తోందా?” అని సభ్యులు నేరుగా, నెమ్మదిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం సరైనది కాదు. అవునంటే ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తోడు వెళ్లాలి. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనూ పలికే టెలీ మానస్ సహాయవాణి నంబరు 14416ను గ్రంథాలయం తలుపు పక్కన పెద్ద అక్షరాలతో రాయించాలి.

ఆ తల్లిదండ్రులు సరేనంటే అధ్యక్షులు, కార్యదర్శి వారింటికి స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పి, ఈ తీర్మానం ప్రతిని అందజేయాలి. హాజరైన సభ్యులందరూ లేచి నిలబడి ఆమోదించారు.