వంద నోటు పొడవెంత?

క్రోంపేటలో లోకల్ రైలెక్కి బీచ్ స్టేషన్‌లో దిగడం ఇరవై ఏళ్లుగా నా దినచర్య. ఇంట్లోకన్నా రైల్లోనే ఎక్కువ మాట్లాడతానని మా ఆవిడ దెప్పుతూ ఉంటుంది. ఈసారి కబురు కూడా అక్కడిదే.

మద్రాసు లోకల్ రైళ్లలో కళ్లు లేని వ్యాపారులు తిరగడం మీరూ చూసే ఉంటారు. భుజాన సంచీ, చేతిలో కర్ర. పెన్నులు, కార్డులు పెట్టుకునే కవర్లు అమ్ముతారు. వాళ్లలో ఒకతను, నేను ఫోనులో తెలుగు మాట్లాడటం విని, "మనవాళ్లేనా సార్?" అని పలకరించాడు. అప్పట్నుంచి పెన్నులు అతని దగ్గరే కొంటున్నాను. (బ్యాంకువాడికి పెన్నులెందుకని అడక్కండి. కౌంటరు మీద పెట్టిన పెన్ను సాయంత్రందాకా ఉండదు.)

మొన్న ఇరవై రూపాయల పెన్నుకి వంద ఇచ్చాను. అతను నోటును వేళ్లకి ఆనించి, అంచు తడిమి, మళ్లీ తడిమి, "వందే కదా సార్?" అన్నాడు. నాకు చురుక్కుమంది. "బ్యాంకులో పని చేసేవాణ్ణయ్యా!" అన్నాను.

"మిమ్మల్ని కాదు సార్. పోయిన వారం ఒకాయన వందని చెప్పి యాభై ఇచ్చి, ఎనభై చిల్లర తీసుకుని దిగిపోయాడు."

పెన్నూ పోయింది, పైన ముప్ఫై రూపాయలూ పోయాయి. ఈ లెక్కకి బి.కాం. అక్కర్లేదు.

ఆఫీసుకి వెళ్లగానే స్కేలు తీశాను. కొత్త యాభై 135 మిల్లీమీటర్లు, వంద 142, రెండొందలు 146, అయిదొందలు 150. వెడల్పు అన్నిటికీ 66. వందకీ రెండొందలకీ తేడా నాలుగంటే నాలుగు మిల్లీమీటర్లు! 2016కి ముందు సిరీస్‌లో యాభైకీ వందకీ, వందకీ అయిదొందలకీ పదేసి మిల్లీమీటర్లుండేది. పైగా ఇప్పటికీ చెల్లే పాత వంద 157, అంటే కొత్త అయిదొందలకన్నా పొడుగు. వేళ్లతో కొలిచేవాడి గతేమిటి? వంద మీద ఉబ్బెత్తు త్రికోణం, అయిదొందల మీద వృత్తం, అంచుల్లో గీతలు ఉన్న మాట నిజమే. కొత్త యాభై మీద అలాంటి గుర్తే లేదు. ఉన్నవీ నాలుగు చేతులు మారి నలిగేసరికి అరిగిపోతాయి.

ముప్ఫై ఏళ్లుగా నోట్లతో బతుకుతున్నవాణ్ణి. ఆ రాత్రి కళ్లు మూసుకుని కూర్చుంటే మా అమ్మాయి పది నోట్లు ఒక్కొక్కటే చేతికిచ్చింది. నాలుగు తప్పు చెప్పాను. ఒక అయిదొందలను వందన్నాను కూడా.

రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో 'మణి' అనే యాప్ తెచ్చింది. ఫోను కెమెరా ముందు నోటు పెడితే ఎంతో చెబుతుంది. మర్నాడు ఉత్సాహంగా ఆ సంగతి చెప్పాను.

"తెలుసు సార్. ఇంట్లో వాడతాను. ఇక్కడ ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో సరుకు. నేను ఫోను తీసేదాకా మాంబళంలో దిగేవాడు ఆగుతాడా?"

మెడలో క్యూఆర్ అట్టా వేలాడుతోంది గాని, డబ్బు పడిందని ఫోను చెప్పే మాట రైలు రొదలో వినపడదట.

ఇప్పుడు నోటు అతని చేతిలో పెడుతూ ఎంతో పైకే చెబుతున్నాను, పక్కవాళ్లకీ వినపడేట్టు. తలాడిస్తాడు. అయినా వేళ్లతో కొలుచుకున్నాకే జేబులో వేసుకుంటాడు.