అధ్యాపకునికీ ఒక తరగతి కావాలి

ఉన్నత పాఠశాలలో పాఠం చెప్పవలెనంటే బి.ఇడి. పట్టా ఉండాలి. కళాశాలలో పాఠం చెప్పడానికి అట్టి శిక్షణ ముందుగా ఏదీ అక్కరలేదు. తన శాస్త్రంలో స్నాతకోత్తర పట్టా, అర్హత పరీక్షలో ఉత్తీర్ణత ఉంటే చాలును. విషయం తెలిసినవానికి బోధన దానంతట అదే వస్తుందని మన వ్యవస్థ నమ్మకం. ఆ నమ్మకంలో ఎంత నిజమున్నదో ఈ సంచికను చదువుతున్న విద్యార్థులకు నాకంటె బాగుగా తెలుసు.

ఈ లోపాన్ని పెద్దలు గుర్తించకపోలేదు. 1986 నాటి జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి 1987లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం అధ్యాపకుల శిక్షణకై అకడమిక్ స్టాఫ్ కాలేజీలను నెలకొల్పింది. పేర్లు మారినా ఆ కేంద్రాలు నేటికీ పనిచేస్తున్నాయి. అక్కడ కొన్ని వారాలు గడిపినవారు కొంత నేర్చుకొనే వస్తారు. అయితే సోమవారం తరగతిలో ఎదురైన చిక్కును మంగళవారం ఎవరితో చెప్పుకోవాలి? అధ్యాపకుల విశ్రాంతి గదిలో మనం జీతాల గురించి, బదిలీల గురించి, ఎండల గురించి మాట్లాడుకొంటాము. మన పాఠం విద్యార్థికి అందలేదన్న మాట మాత్రం ఎన్నడూ మాట్లాడుకోము. అది చెప్పుకొనుటకు సిగ్గు.

ఆ సిగ్గును పోగొట్టే సాధనమే అధ్యాపక పఠన బృందమని నా అభిప్రాయం. వేరువేరు శాఖలకు చెందిన పదిమంది అధ్యాపకులు పక్షానికొక గంట కలసి కూర్చొని, బోధనను గూర్చిన గ్రంథంలో ముందుగా చదివి వచ్చిన ఒక అధ్యాయాన్ని తమ తరగతులతో సరిపోల్చి చర్చించుకోవడమే దీని స్వరూపం. ఖర్చు కొన్ని పుస్తకాలు, కొన్ని కప్పుల చాయ్ మాత్రమే.

చదువదగినవి లేవా అంటే, ఉన్నవి. అమెరికాలో కెన్ బెయిన్ అనే ఆచార్యుడు సుమారు వందమంది కళాశాల అధ్యాపకుల బోధనను పదిహేనేండ్లు పరిశీలించి 2004లో ఒక గ్రంథాన్ని వెలువరించాడు. ఉత్తమ అధ్యాపకుడు మొదట చూచేది తానేమి చెప్పాడన్నది కాదు, విద్యార్థి ఏమి నేర్చాడన్నది అని ఆ గ్రంథ సారాంశం. హార్వర్డులో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ అనుభవం మరింత కనువిప్పు కలిగిస్తుంది. లెక్కలన్నీ చక్కగా చేసే తన విద్యార్థులకు బలం, చలనం వంటి మూలభావాలపై చిన్న పరీక్ష పెడితే పలువురు తడబడ్డారు. మీరు చెప్పినట్లు జవాబు వ్రాయాలా, నేను అనుకొన్నట్లు వ్రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిందట. ఆనాటి నుండి ఆయన ఉపన్యాసం మధ్యలో ఆగి, ఒక ప్రశ్న వేసి, ప్రక్కనున్నవారితో చర్చించమని విద్యార్థులను కోరసాగాడు. 1997లో ఆ పద్ధతిని గ్రంథస్థం చేశాడు. విజ్ఞానశాస్త్రాలు, ఇంజనీరింగు, గణితాల బోధనపై జరిగిన 225 అధ్యయనాలను 2014లో కొందరు పరిశోధకులు క్రోడీకరించగా, కేవల ఉపన్యాసం విన్న తరగతులలో తప్పినవారు సగటున నూటికి 34 మంది, విద్యార్థులు తామే పాల్గొన్న తరగతులలో 22 మంది అని తేలింది.

ఇవి చదివిన పిమ్మట నేను నా తరగతిలో ఒక చిన్న ప్రయత్నం చేశాను. నేను బోధించేది అర్థశాస్త్రం. డిమాండు వ్యాకోచత్వం చెప్పి, ఎప్పటివలె "అర్థమైందా?" అన్నాను. ఎప్పటివలె "అయింది సార్" అన్నారు. ఈసారి అంతటితో వదలక, ధర పెరిగినా ఉప్పు అమ్మకం ఎందుకు తగ్గదో మీకు వచ్చిన భాషలో చీటీ మీద వ్రాసి ఇవ్వండి అన్నాను. వెనుక బెంచీలో ఏడాదిగా నోరు విప్పని ఒక విద్యార్థి ఉర్దూలో నాలుగు పంక్తులు వ్రాశాడు. నాకు ఆ లిపి రాదు. ఉర్దూ శాఖలోని మిత్రుని దగ్గరకు తీసుకొని వెళ్ళాను. ఆయన చదివి అర్థం చెప్పారు: ఉప్పు లేక కూర లేదు, దానికి బదులు వేరొకటి లేదు, నెల ఖర్చులో దాని వంతు అతి స్వల్పం, అందుచేత ధర పెరిగిందని ఎవరూ మానరు. తరగతి మొత్తం మీద ఇంత సమగ్రమైన సమాధానం మరొకటి లేదు. ఆ బాలుణ్ణి నేను ఏడాదిపాటు మందమతిగా లెక్కగట్టాను. ఆ తప్పు అతనిది కాదు.

విద్యార్థి భాషకు బోధనలో గల స్థానం మన ప్రాంతానికి క్రొత్త విషయం కాదు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించింది. అందుకై అనువాద సంస్థ శాస్త్ర గ్రంథాలెన్నిటినో ఆ భాషలోకి తెచ్చింది. ఉర్దూ ఇంటి భాష అయినవారికి అది వరమైనా, తెలుగు బిడ్డకు అదీ పరాయి భాషే. నేడు ఆంగ్ల మాధ్యమంలో ఆ ఇద్దరూ ఒకే బెంచీ మీద మౌనంగా కూర్చున్నారు. రెండు భాషల అధ్యాపకులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటే తప్ప ఆ మౌనం మనకు వినబడదు.

పాఠ్యప్రణాళిక పూర్తిచేయుటకే సమయం చాలదని కొందరు మిత్రులు అంటారు. నిజమే. కాని మనం పూర్తిచేసినది మన నోటు పుస్తకమా, విద్యార్థి గ్రహింపా? విదేశీ గ్రంథాలు ఎనభైమంది కిక్కిరిసిన మన గదులకు పనికిరావని మరికొందరి వాదం. ఉన్నదున్నట్లు పనికిరావు. అందుచేతనే వాటిని ఒంటరిగా చదివి ఊరుకోక, నలుగురూ కలసి మనకు తగినది ఏదో తేల్చుకోవాలి. చీటీ మీద ఒక ప్రశ్నకు జవాబు వ్రాయించడానికి ఎనభైమంది అడ్డు కారు.

ఒక ప్రమాదం మాత్రం లేకపోలేదు. పఠన బృందం మరొక ఉపన్యాస సభగా మారవచ్చు. న్యాక్ బృందానికి చూపుటకు ఫోటోలు, సంతకాలు గల దస్త్రంగానూ మిగిలిపోవచ్చు. అట్లయితే అది లేకపోవడమే మేలు. ప్రతి సమావేశంలో ప్రతి సభ్యుడూ గత పక్షంలో తన తరగతిలో తాను చేసిన ఒక ప్రయత్నాన్ని, అది విఫలమైనా సరే, చెప్పి తీరవలెనన్న నియమం ఒక్కటి ఉంటే ఈ ప్రమాదం తప్పుతుంది.

కళాశాల కార్యవర్గం వారికి నా మనవి ఒక్కటే. ధనం అడుగుట లేదు. కాలపట్టికలో పక్షానికొక గంట, గ్రంథాలయంలో ఒక బల్ల ఇప్పించండి. అచ్చట చెప్పుకొన్న వైఫల్యాలు ఎవరి సర్వీసు రిజిస్టరులోను ఎక్కవని అభయమివ్వండి. విద్యార్థి మిత్రులారా, మీకూ ఒక మాట. మీ అధ్యాపకుడు "అర్థమైందా?" అని అడిగినప్పుడు, కాకపోతే కాలేదనండి. మీకు వచ్చిన భాషలోనే అనండి. మా చదువు అక్కడినుండి మొదలు కావాలి.